గడ్డం చూసి హిప్‌స్టర్ అనేయవచ్చా?

మీ తమ్ముడు గడ్డం పెంచి, గుండ్రటి కళ్లద్దాలు పెట్టి, చేనేత చొక్కాలు వేస్తున్నాడని ఇంట్లో అందరూ హిప్‌స్టర్ అంటున్నారనీ, అతను ససేమిరా ఒప్పుకోవడం లేదనీ రాశారు. ఎవరి మాట నిజమని మీ ప్రశ్న. నెల్లూరులో మా స్నేహితుల మధ్య ఈ వాదన ఎన్నో సాయంత్రాలు నడిచింది కాబట్టి గట్టిగానే చెబుతాను: వేషం చూసి తేల్చకండి. నలుగురిలో వేరుగా కనిపించాలని పాతవీ అరుదైనవీ వెతుక్కునేవాణ్ణి హిప్‌స్టర్ అంటారు; అదే పని అందరూ మొదలుపెడితే అతనికి మోజు పోతుంది.

ఒప్పుకోకపోవడమూ రుజువు కాదు. 2000 తర్వాత ఈ ముద్రకు పేరుపడ్డ చోటు న్యూయార్క్‌లో, బ్రూక్లిన్‌లోని విలియమ్స్‌బర్గ్. గడ్డాలు, మందపాటి ఫ్రేములు, గ్రామఫోన్ రికార్డులు, గేర్లు లేని సైకిళ్లు అక్కడి గుర్తులు. అక్కడ కూడా ఆ మాట ఎదుటివారిని అన్నవారే గానీ తమను తాము అనుకున్నవారు అరుదు.

మా వాళ్లలో ఒకతనికి గుండెల దాకా గడ్డం, పాత చేతక్ స్కూటర్, వంటింట్లో ఉదయగిరి చెక్క గరిటెలు. హిప్‌స్టర్ అనగానే అందరూ అతని పేరే చెప్పేవారు. కానీ గరిటె బాగుందని ఎవరైనా అంటే చాలు, ఉదయగిరిలో ఏ వీధికి వెళ్లాలో, ఎవరిని అడగాలో పూసగుచ్చినట్టు చెప్పేవాడు. నీళ్లలో నానబెట్టవద్దు, కడగగానే తుడవండి, అప్పుడప్పుడూ కొబ్బరినూనె రాయండి అని వెంటపడేవాడు. మా ఇంటికి రెండు గరిటెలు తనే తెచ్చి ఇచ్చాడు. పదిమంది కొంటే చెక్కేవారి చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయని అతని సంతోషం. ఇతన్ని హిప్‌స్టర్ అంటే నేను ఒప్పుకోను.

ఇంకొకతను నున్నగా గీసిన గడ్డం, ఇస్త్రీ చొక్కా. పాత రికార్డులంటే ప్రాణమనేవాడు. ఎక్కడ దొరుకుతాయని అడిగితే మాట దాటవేసేవాడు. ఆఫీసులో మరో ఇద్దరు రికార్డు ప్లేయర్లు కొనగానే, "ఇక అందరూ మొదలుపెట్టారు" అంటూ తనది అమ్మేశాడు. నా లెక్కలో హిప్‌స్టర్ అతనే.

కోవూరు పక్కన పాటూరులో మగ్గం నేసే పెద్దాయన నేతబట్ట కడితే ఎవరూ ఏ పేరూ పెట్టరు. చదువుకున్న కుర్రాడు కడితే మాత్రం వేషం అంటారు. ఇది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. ఇష్టపడి కొన్నవాణ్ణి ఎగతాళి చేస్తే నష్టపోయేది నేసినవారే.

ఆ చొక్కా గుడ్డ ఎక్కడ కొన్నాడో మీ తమ్ముణ్ణి అడిగి మీరూ ఒకటి కుట్టించుకోండి. దుకాణం దాకా తోడు వస్తే, ఇక ఆ మాట మానుకోమని ఇంట్లో చెప్పండి. మీరు వేసుకున్నారని తను వేయడం మానేస్తే ఇంట్లోవాళ్లు అన్నదే నిజం.