ఆటకు అప్పు, ఆపదకు కార్డు?

ప్రశ్న: నా వయసు 27. కూకట్‌పల్లిలో ఉంటూ ఒక ఐటీ సేవల సంస్థలో పనిచేస్తున్నాను. చేతికి వచ్చే జీతం రూ.48,000. నేను 2019లో కొన్న కంప్యూటర్ మీద ‘బ్యాటిల్‌ఫీల్డ్ 6’ అనే ఆట నడవడం లేదు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీలోని ఒక దుకాణంలో కొత్త కంప్యూటర్‌కు రూ.1,18,000 కొటేషన్ ఇచ్చారు. రూ.18,000 చేతి నుంచి కట్టి, మిగతా లక్షను క్రెడిట్ కార్డు మీద 24 నెలల ఈఎంఐగా పెట్టుకుంటే నెలకు రూ.4,900 పడుతుంది. లక్ష రూపాయల చీటీ ఒకటి ఉంది, 20 నెలల్లో 8 నెలలు అయ్యాయి, ఇప్పుడు పాడుకుంటే 20 వేలు పోను 80 వేలు వస్తాయి. ఒక లోన్ యాప్ కూడా లక్ష ఇస్తానంటోంది. ఈ మూడింటిలో ఏది మేలు? బ్యాంకులో రూ.42,000 ఉన్నాయి. అత్యవసరానికి ఎలాగూ కార్డు ఉంది కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

జవాబు: మీరు అడిగిన మూడింటిలో ఏదీ మేలు కాదు. ఈ మాట ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకోవచ్చు గానీ, మీ ఉత్తరంలోని చివరి వాక్యం కోసమే ఇంత వివరంగా రాస్తున్నాను. ఫోను కొనేవారు, బండి మార్చేవారు, పెళ్లి ఖర్చుకు అప్పు చేసేవారు, అందరూ దాదాపు ఇదే మాట రాస్తున్నారు: ‘అత్యవసరానికి కార్డు ఉంది.’ కార్డు మీద ఉన్న పరిమితి మీ డబ్బు కాదు. బ్యాంకు మీకు అప్పుగా ఇవ్వడానికి ప్రస్తుతానికి సిద్ధపడిన మొత్తం అది. దాన్ని తగ్గించే అధికారం బ్యాంకుకు ఎప్పుడూ ఉంటుంది, పైగా మీ చెల్లింపులు తడబడినప్పుడే, అంటే మీకు అవసరం పడే సమయంలోనే, ఆ అధికారాన్ని వాడే అవకాశం ఎక్కువ.

మీరు జతచేసిన ఖర్చుల పట్టిక చూద్దాం. గది అద్దెలో మీ వాటా 9,000, తిండి, సరుకులు 9,500, బండి వాయిదా, పెట్రోలు కలిపి 6,300, ఖమ్మంలో ఇంటికి పంపేది 10,000, ఫోను, ఇంటర్నెట్, చిల్లర ఖర్చులు 3,200, చీటీ 5,000. మొత్తం 43,000. ఆ కింద చిన్న అక్షరాల్లో ‘కార్డు మినిమం డ్యూ 1,550’ అని, అంటే కార్డు బాకీలో నెలకు తప్పక కట్టవలసిన కనీస మొత్తం అని, రాశారు. ఇవన్నీ పోను మీకు నెలకు మిగిలేది 3,450 రూపాయలు. అందులోంచి 4,900 రూపాయల వాయిదా ఎలా కడతారు? 48,000 జీతంతో పోల్చి చూస్తే 4,900 చిన్నదిగానే కనిపిస్తుంది. పోల్చవలసింది మిగులుతో. ప్రతి నెలా 1,450 రూపాయలు తక్కువ పడతాయి, ఆ లోటు మళ్లీ కార్డు మీదికే చేరుతుంది.

ఆ మినిమం డ్యూ దగ్గర కాసేపు ఆగాలి. కార్డు మీద బాకీ 31,000 అన్నారు. నెలకు 3.5 శాతం, అంటే ఏడాదికి 42 శాతం వడ్డీ చాలా కార్డుల మీద మామూలే. ఆ లెక్కన నెల వడ్డీ 1,085, దానిపై 18 శాతం జీఎస్టీ 195, వెరసి 1,280. మీరు కడుతున్న 1,550లో అసలుకు చేరేది 270 రూపాయలు మాత్రమే. పైగా ఇలా బాకీని ముందుకు తోస్తున్నంత కాలం, ఆ కార్డుతో కొత్తగా కొన్న వస్తువులకు వడ్డీ లేని గడువు కూడా ఉండదు. కిరాణాకు గీకినా, పెట్రోలుకు గీకినా మొదటి రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. ఇంత ఖరీదైన అప్పు ఇంట్లో ఉండగా ఆట కోసం మరో లక్ష అప్పు ఎక్కడ దొరుకుతుందని వెతకడం నాకు అసలు మింగుడు పడడం లేదు.

ఇక మీరు నమ్ముకున్న ఆ పరిమితి సంగతి. కార్డు పరిమితి 1,50,000. బాకీ 31,000, దాని మీద కొత్త ఈఎంఐ లక్ష. ఈఎంఐగా మార్చిన మొత్తం తీరేదాకా పరిమితిలోంచి ఆగిపోతుంది కాబట్టి మొదటి నెలలో మీకు మిగిలేది 19,000. బ్యాంకులోని 42,000లో 18,000 దుకాణానికి ఇచ్చాక 24,000 ఉంటాయి, ఇప్పటి ఖర్చుతోనే అది 17 రోజులకు సరిపోదు. మీ నాన్నగారికి 57 ఏళ్లు, షుగర్ ఉంది, కంపెనీ ఇచ్చిన 3 లక్షల ఆరోగ్య బీమాలో మీరు తప్ప ఇంట్లో ఎవరూ లేరు అని మీరే రాశారు. ఒక రాత్రి ఆయన్ని ఆసుపత్రిలో చేర్పించవలసి వస్తే, బిల్లింగ్ కౌంటరులో అడిగే అడ్వాన్సుకు ఈ 19,000, ఈ 24,000 కలిపి ఇవ్వవచ్చు. ఆ తర్వాత ఒకటో తారీఖున అద్దె, బండి వాయిదా, చీటీ, కార్డు వాయిదా వరుసగా వస్తాయి. మీ సంస్థలో ప్రాజెక్టు అయిపోయి బెంచి మీద కూర్చోబెట్టినా, ఉద్యోగమే పోయినా లెక్క ఇంతే, దానికి తోడు ఆ 3 లక్షల బీమా కూడా ఉద్యోగంతోపాటే పోతుంది.

24 నెలల ఈఎంఐ అసలు ఖరీదు కూడా చెబుతాను. 16 శాతం వడ్డీతో లక్షకు నెలవారీ వాయిదా 4,896, రెండేళ్లలో వడ్డీ సుమారు 17,500, ఆ వడ్డీపై జీఎస్టీ మరో 3,150. ప్రాసెసింగ్ రుసుము లెక్కలోకి తీసుకోకుండానే 1,18,000 కంప్యూటరు మీకు 1,38,000 దాటి పడుతుంది, ఆ రెండేళ్లు నిండేసరికి దాని అమ్మకపు ధర అందులో సగం కూడా ఉండదు. దుకాణంవారు చెప్పిన 12 నెలల ‘నో కాస్ట్’ పథకంలో వాయిదా 8,300 దాటుతుంది కాబట్టి అది మీకు పనికిరాదు. దాని పేరు చూసి మోసపోవద్దు కూడా. వడ్డీ లేని అప్పు అనేదే లేదని, ఉన్నట్టు చూపడం కొనుగోలుదారును పక్కదారి పట్టించడమేనని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. ఇప్పటి పథకాల్లో ఆ వడ్డీ మొత్తాన్ని ధరలో తగ్గింపుగా చూపిస్తారు, దాని మీది జీఎస్టీ మాత్రం మీ స్టేట్‌మెంటులో విడిగా వస్తుంది.

లోన్ యాప్ గురించి ఎక్కువ రాయను. 2020 డిసెంబరులో ఇలాంటి యాప్‌ల వసూలు వేధింపులు భరించలేక తెలంగాణలో ప్రాణాలు తీసుకున్నవారున్నారు. ఆ తర్వాత 2022లో రిజర్వు బ్యాంకు నిబంధనలు పెట్టింది: డబ్బు నేరుగా మీ ఖాతాలో పడాలి, అన్ని ఖర్చులతో కూడిన వార్షిక రేటును ముందే చూపించాలి, మీ ఫోనులోని కాంటాక్టులు, ఫొటోలు ముట్టకూడదు. మీకు లక్ష ఇస్తానంటున్న యాప్ వార్షిక రేటు ఎంతో మీరు రాయలేదు. దాని వెనక ఏ బ్యాంకు లేదా ఏ ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఆర్థిక సంస్థ) ఉందో కూడా రాయలేదు. అవి తెలియకుండానే అది మీ జాబితాలోకి ఎలా వచ్చింది? ఫోనులోంచి తీసేయండి.

చీటీ సంగతి వేరు. మీ దగ్గర ఉన్న వాటిలో అత్యవసర నిధికి దగ్గరగా నిలిచేది అదొక్కటే, మీరు దాన్నీ ఆట కోసం పాడుకోవాలని చూస్తున్నారు. ఇప్పుడు పాడుకుంటే 80 వేలు చేతికొస్తాయి, మిగిలిన 12 వాయిదాలు మాత్రం డివిడెండు (ప్రతి పాటలో తగ్గే సొమ్ములో మీ వాటా) పోను కడుతూనే ఉండాలి, పైగా జామీనుదారులను చూపించాలి. చివరిదాకా ఆగితే చీటీ నడిపే ఫోర్‌మన్ కమీషన్ 5 శాతం పోను 95 వేల దాకా వస్తుంది. మధ్యలో నిజమైన ఆపద వస్తే అప్పుడు పాడుకోవచ్చు, అప్పుడు పోయే 15, 20 వేలకు ఒక అర్థం ఉంటుంది. అది రిజిస్టరైన చీటీ అవునో కాదో ఈ వారమే చూసుకోండి. కాకపోతే నేను కింద చెప్పబోయే లెక్కలో దాన్ని నమ్ముకోవద్దు.

కంప్యూటరు వద్దని నేను అనడం లేదు. నెలంతా పనిచేసే మనిషికి ఒక ఆట ఆడుకునే హక్కు ఉంది. కానీ దుకాణం మీకు కావలసిన దానికంటే చాలా ఎక్కువ అంటగడుతోంది. మీ ప్రాసెసర్ ఐ5-9400ఎఫ్, ఆ ఆటకు కనీస అర్హతగా చెప్పినది ఐ5-8400. అంటే ప్రాసెసర్, మదర్‌బోర్డు మార్చకపోయినా ఆట నడుస్తుంది. మీకు చాలనివి రెండే: 8 జీబీ ర్యామ్ ఉన్నచోట 16 కావాలి, 4 జీబీ మెమరీ ఉన్న జీటీఎక్స్ 1650 బదులు కనీసం ఆర్‌టీఎక్స్ 2060 స్థాయి గ్రాఫిక్స్ కార్డు కావాలి. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మద్దతు ఆగిపోయింది కాబట్టి పాత యంత్రం ఇక పనికిరాదని దుకాణదారు భయపెట్టారని రాశారు. మీ ప్రాసెసర్ విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ ఆమోదించిన జాబితాలోనే ఉంది, ఆ మార్పు ఉచితం. ఆ ఆట అడిగే సెక్యూర్ బూట్, టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయాలు రెండూ సాధారణంగా మీ తరం మదర్‌బోర్డు బయాస్ సెట్టింగుల్లోనే ఉంటాయి, వాటిని ఆన్ చేయించుకుంటే సరిపోతుంది. ఒక్క జాగ్రత్త: మీ పాత కార్డు 75 వాట్లతో, బోర్డు నుంచి వచ్చే కరెంటుతోనే నడిచే రకం. కొత్త కార్డుకు ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటరుకు కరెంటు అందించే పెట్టె) నుంచి విడిగా ఒక పవర్ కేబుల్ రావాలి, మీ 450 వాట్ల చవక ఎస్‌ఎంపీఎస్‌లో ఆ కేబుల్ లేకపోతే దాన్నీ మార్చాలి. ఈ మూడింటికీ కలిపి అదే దుకాణం మొదట 36,000 చెప్పిందని, ఆ వెంటనే ‘దానివల్ల లాభం లేదు, రెండేళ్లకు మళ్లీ మార్చాలి’ అని మీ మనసు తిప్పిందని మీరే రాశారు. దానివల్ల లాభం లేనిది దుకాణానికి. ఎడిటింగ్ నేర్చుకుని పైసంపాదన చేస్తానన్న మాటను నేను లెక్కలోకి తీసుకోలేదు, మొదటి వెయ్యి రూపాయలు వచ్చాక తీసుకుందాం.

ఇప్పుడు వరుస. బ్యాంకులోని 42,000లోంచి 20,000 ఈ వారమే కార్డుకు కట్టి, 22,000 కదపకుండా ఉంచండి. మిగిలిన 11,000 బాకీకి మినిమం డ్యూ, మీ మిగులు కలిపి నెలకు 5,000 చొప్పున కడితే మూడో నెలలో తీరిపోతుంది. అప్పటిదాకా ఆ కార్డుతో ఏమీ కొనవద్దు. ఆ తర్వాత తొమ్మిది నెలలు అదే 5,000 విడి ఖాతాలో వేస్తే 45,000, ముందున్న 22,000, చీటీ చివర వచ్చే 95,000 కలిపి 1,62,000 అవుతుంది. చీటీ ముగిశాక మీ నెల ఖర్చు 38,000, నాలుగు నెలలకు 1,52,000. ఆరు నెలలకు ఉండాలన్నదే నా పట్టు, కానీ మీ జీతంలో నాలుగు నెలలతో మొదలుపెట్టడానికి ఒప్పుకుంటున్నాను. ఆ నిధి ఎఫ్‌డీలోనా, లిక్విడ్ ఫండ్‌లోనా అన్నది ముఖ్యం కాదు, యూపీఐకి కలిపిన ఖాతాలో మాత్రం వద్దు. పదమూడో నెల నుంచి చీటీ డబ్బూ మిగులుతుంది కాబట్టి నెలకు 10,000 చొప్పున నాలుగు నెలల్లో గ్రాఫిక్స్ కార్డు, ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ అప్పు లేకుండా వస్తాయి. బోనసు వస్తే సగం నిధికి, సగం కంప్యూటర్‌కు వేసుకోండి, గడువు ఇంకా దగ్గరవుతుంది. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయన్నది నిజమే, అయినా ఒక్క 8 జీబీ ర్యామ్ ధరలో పెరుగుదల మీ కార్డు ఏడాది వడ్డీ అంత కాదు. తొందరగా కావాలంటే బిల్లు, వారంటీ మిగిలి ఉన్న సెకండ్‌హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డు చూడవచ్చు.

నాన్నగారి బీమా పదహారు నెలలు ఆగేది కాదు. ఇప్పటికే ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం గరిష్ఠంగా 36 నెలలు, పాలసీ తీసుకున్న రోజు నుంచే ఆ గడువు లెక్క మొదలవుతుంది, వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియంపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ కూడా లేదు. ఇంట్లో ఆరోగ్యశ్రీ వర్తించే రేషన్ కార్డు ఉంటే తెలంగాణలో కుటుంబానికి 10 లక్షల వరకు వైద్యం అందుతుంది, ముందు అది కనుక్కోండి. లేకపోతే షుగర్ ఉన్న సంగతి దాచకుండా రాసి రెండు మూడు సంస్థల నుంచి కొటేషన్లు తెప్పించుకోండి. వాటిని, చీటీ పాస్‌బుక్కులో రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న పేజీ నకలును నాకు పంపితే, ఆ ప్రీమియం కోసం ఇంటికి పంపే 10,000లో ఎంత సర్దాలో, నిధికి వేసే 5,000లో ఎంత సర్దాలో లెక్కవేసి రాస్తాను.