బడి గోడ మీద సరస్వతి బొమ్మ వెయ్యమంటున్నారు, ఏం చెయ్యను?

ప్రశ్న: మేడమ్, నేను గవర్నమెంట్ హైస్కూల్లో డ్రాయింగ్ టీచర్ని. ఊళ్ళోవాళ్ళు చందాలేసుకుని పెయింట్ డబ్బాలు కొనిచ్చారు, కాంపౌండ్ గోడ మీద సరస్వతమ్మని పెద్దగా వెయ్యమంటున్నారు. మా దగ్గర ముస్లిం పిల్లలు, చర్చికెళ్ళే పిల్లలు కూడా ఉన్నారు, అందరికీ మనసుకి హాయిగా ఉండేది ఏదైనా చెప్తారా?

జవాబు: మాస్టారూ, పూర్తిగా సర్కారు డబ్బుతో నడిచే బడిలో మతబోధన ఉండకూడదని రాజ్యాంగం 28వ అధికరణంలో ఉంది, బొమ్మ బోధన కిందకి వస్తుందా రాదా అని వాదించుకోవచ్చు. ఆ రూలు పక్కన పెట్టినా, పిల్లలు రోజూ వీపు ఆనించి, కాలు పెట్టి నిలబడే గోడ అది, బయటివైపు సంగతి మీకు తెలిసిందే, అమ్మవారిని అక్కడ పెట్టడానికి నాకైతే మనసొప్పదు.

గోడ వదిలేసి నేల మీదకి రండి. పద్మవ్యూహం లాంటి ఏడు చుట్ల దారి గీయించండి. హళేబీడు హొయసళేశ్వర గుడి శిల్పాల్లో చక్రవ్యూహం ఉంది, అటు ఫ్రాన్స్‌లో షార్త్ర్ చర్చి నేల మీద 13వ శతాబ్దంలో రాళ్ళతో పరిచిన 11 చుట్ల దారి ఉంది, దాదాపు 13 మీటర్ల వెడల్పు, ఇప్పటికీ జనం దాని మీద మౌనంగా నడుస్తారు. అభిమన్యుడు బయటికి రాలేకపోయాడు గానీ దీన్లో దారి ఒక్కటే, ఎక్కడా చీలదు, ఏ పిల్లాడూ తప్పిపోడు.

గీయడం మన ముగ్గు లాగే. ముందు ప్లస్ గుర్తు, దాని నాలుగు గదుల్లో నాలుగు ఎల్ ఆకారాలు, నాలుగు మూలల్లో నాలుగు చుక్కలు. ప్లస్ పై కొస నుంచి దాని కుడి పక్కనున్న ఎల్ నిలువు గీత పై కొసకి ఒక వంపు వెయ్యండి, ఆ తర్వాత ఎడమవైపు దగ్గర్లో మిగిలిన కొసనో చుక్కనో కుడివైపు అలాగే మిగిలిన దానికి వరుసగా కలుపుతూ పోండి, మొత్తం 8 వంపులతో అయిపోతుంది. దారి అడుగున్నర వెడల్పు పెడితే దాదాపు 25 అడుగుల జాగా కావాలి. కాళ్ళు పడే చోటు కాబట్టి ఓం, శిలువ, నెలవంక ఏవీ వెయ్యొద్దు, తామర రేకులు, ఆకులు చాలు.

మొదటి వారం ముగ్గుపిండితోనే వెయ్యండి, తప్పులుంటే తుడిచెయ్యొచ్చు, ఆ పని ఎనిమిదో క్లాసు పిల్లలకి అప్పజెప్పండి. పెయింట్ ఇచ్చిన పెద్దల్ని పిలిచి చెప్పులు విడిచి ఒకసారి నడవమనండి, గోడ సంగతి ఆ తర్వాత మాట్లాడొచ్చు.