పాఠకుల ప్రశ్నలు: పని వేళల మధ్య తీసిన సినిమా

ప్రశ్న: మాది ఉద్దానం. బతుకుతెరువు కోసం విశాఖ వచ్చి ఎలక్ట్రీషియన్‌గా పని చేస్తున్నాను. డ్యూటీ దిగాక ఫోన్‌తో చిన్న చిన్న దృశ్యాలు తీసి దాచుకుంటున్నాను. సినిమా చదువు లేకుండా, సొంత ఊరు వదిలి వెళ్లి, స్టూడియోల అండ లేకుండానే సినిమాలు తీసినవారు ఎవరైనా ఉంటే వారి గురించి వివరంగా రాయగలరు.
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: మీరు అడిగినవన్నీ ఒక్క జీవితంలో కనిపించేది యోనస్ మెకాస్ దగ్గర. ఆయన 1922లో లిథువేనియాలోని సెమెనిష్కియై అనే పల్లెలో రైతు కుటుంబంలో పుట్టారు. 1944లో తమ్ముడు అడోల్ఫాస్‌తో కలిసి దేశం విడిచి వెళుతుండగా జర్మన్ సైన్యం వారిని పట్టుకుని, హాంబర్గ్ సమీపంలోని ఎల్మ్స్‌హోర్న్ నిర్బంధ కార్మిక శిబిరంలో పెట్టింది. యుద్ధం ముగిశాక కొన్నేళ్లు శరణార్థి శిబిరాల్లో గడిపి, 1949 చివర్లో అన్నదమ్ములిద్దరూ న్యూయార్క్ చేరారు. అప్పటికే ఆయన మాతృభాషలో కవిత్వ సంపుటి వెలువరించిన కవి. అయితే కొత్త దేశంలో ఆ భాష చదివేవారు ఎందరుంటారు? బ్రూక్లిన్‌లో కాపురం పెట్టి ఫ్యాక్టరీల్లో కూలికి కుదురుకున్నారు. వచ్చిన కొద్ది కాలానికే అప్పు చేసి బోలెక్స్ అనే 16 ఎంఎం కెమెరా కొన్నారు.

ఆ కెమెరా గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే మెకాస్ శైలి చాలావరకు దాని నుంచే పుట్టింది. బోలెక్స్ కరెంటుతోనో బ్యాటరీతోనో కాకుండా స్ప్రింగుతో నడుస్తుంది. పక్కనున్న పిడిని తిప్పి కీ ఇవ్వాలి. నిండా కీ ఇచ్చినా, సెకనుకు 24 ఫ్రేముల వేగంతో సుమారు 28 సెకన్లు మాత్రమే ఆడుతుంది. అందులో పట్టే 100 అడుగుల రీలు మూడు నిమిషాలు కూడా నిండకుండానే అయిపోతుంది. ఒక్కో ఫ్రేమును విడివిడిగా తీసే వీలు కూడా అందులో ఉంది. ఫిల్మ్ ఖరీదు, దొరికే తీరిక రెండూ తక్కువైన మనిషి చేతిలో ఈ యంత్రం పడితే దృశ్యాలు పొట్టిగానే వస్తాయి. మెకాస్ వాటిని సాగదీయలేదు. ఒక ముఖం, మంచు కురిసిన వీధి, స్నేహితుల ఇంట్లో భోజనం, ఇలా రెండు మూడు సెకన్లకొకటి చొప్పున ఆయన రీళ్లలో పేరుకుపోయాయి. మొదట్లో ఇవన్నీ చేయి తిరగడానికి చేస్తున్న సాధన అనీ, తీరిక చిక్కిన నాడు అసలు సినిమా తీయవచ్చనీ ఆయన అనుకున్నారు. తరువాత వాటిని వరసగా వేసి చూసుకున్నప్పుడు, తాను తీయదలచిన సినిమా అదేనని గ్రహించారు.

ఇక చదువు సంగతి. న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియంలోనూ, 'సినిమా 16' అనే ఫిల్మ్ సొసైటీలోనూ ప్రదర్శనలు చూడడమే ఆయనకు బడి. చూసినదాని గురించి రాయడం రెండో బడి అయింది. 1954లో తమ్ముడితో కలిసి 'ఫిల్మ్ కల్చర్' పత్రికను స్థాపించారు. 1958 నుంచి 'విలేజ్ వాయిస్' వారపత్రికలో 'మూవీ జర్నల్' శీర్షిక నడిపి, ఎవరూ పట్టించుకోని చిన్న సినిమాల పక్షాన ఏళ్ల తరబడి వాదించారు. మీరు తీసినవి దాచుకుంటున్నానన్నారు. వాటిని ఎక్కడ, ఎప్పుడు తీశారో రాసి పెట్టుకోవడం కూడా అలవాటు చేసుకోండి. ఇరవై ఏళ్ల తరువాత కూర్చి చూసుకునేటప్పుడు ఆ నోటు పుస్తకం విలువ తెలుస్తుంది.

ప్రశ్న: మెకాస్ తీసినవి డైరీ సినిమాలని చదివాను. ఇంట్లో తీసుకునే పుట్టినరోజు వీడియోలకూ వీటికీ తేడా ఏమిటి?
– ఒక విద్యార్థిని, ఎం.వి.పి. కాలనీ

జవాబు: తీసే చోట పెద్ద తేడా లేదు, కూర్చే చోట ఉంది. 'లాస్ట్ లాస్ట్ లాస్ట్' అనే చిత్రంలో ఉన్నది 1949 నుంచి 1963 వరకు తీసిన సరుకు. అది విడుదలైంది 1976లో. నలుపు తెలుపు దృశ్యాల్లో ప్రవాసంలోని లిథువేనియన్లు సభలకూ విహారాలకూ వెళుతూ కనిపిస్తారు. దాని మీద, వయసు మళ్లిన మెకాస్ గొంతు తన యాస పోని ఇంగ్లీషులో ఆగి ఆగి మాట్లాడుతుంది. తీసిన మనిషికీ మాట్లాడే మనిషికీ మధ్య గడిచిన కాలమే ఆ చిత్రానికి కథ. 1972లో వచ్చిన 'రెమినిసెన్సెస్ ఆఫ్ ఎ జర్నీ టు లిథువేనియా'లో, 27 ఏళ్ల తరువాత కన్నవారి ఊరికి వెళ్లిన కొడుకు, ఆరుబయట వంట చేస్తున్న తల్లిని చూపిస్తాడు. ఆమె కెమెరా కోసం ఏమీ చేయదు, వచ్చిన పిల్లలకు వండి పెడుతుంది, అంతే. నాకు తెలిసి వలస వెళ్లిన మనిషి తిరుగు ప్రయాణాన్ని ఇంత సూటిగా చూపిన చిత్రాలు చాలా తక్కువ. దీనిని 2006లో అమెరికా జాతీయ ఫిల్మ్ రిజిస్ట్రీలో, అంటే భద్రపరచదగిన చిత్రాల జాబితాలో చేర్చారు. అయితే 1969 నాటి 'వాల్డెన్' వంటివి మూడు గంటలు నడుస్తాయి. ఓపిక లేకుండా మొదలుపెట్టకండి.

ఒక విషయం దాచకూడదు. జర్మన్ ఆక్రమణ కాలంలో ఆయన పనిచేసిన స్థానిక పత్రికల్లో యూదు వ్యతిరేక ప్రచారం కూడా అచ్చయిందని, ఆ రోజుల గురించి ఆయన చెప్పుకున్న తీరు సరిగా లేదని 2018లో ఒక చరిత్రకారుడు రాశారు. దాని మీద తీవ్రమైన చర్చ జరిగింది. ఆయన చిత్రాలను ప్రేమించేవారు ఆ చర్చను కూడా చదవాలి.

ప్రశ్న: ఇలాంటి సినిమాలు ఏ హాలువాళ్లు వేస్తారు? మా మిత్రులం కొందరం లఘుచిత్రాలు తీశాం, చూపించే చోటు లేదు.
– ఒక పాఠకుడు, కంచరపాలెం

జవాబు: ఏ హాలూ వేయదని మెకాస్‌కు ముందే తెలుసు. అందుకే ఆయన వృత్తి జీవితంలో సగం సినిమాలు తీయడానికి, సగం చూపించే చోటు కట్టడానికి పోయింది. నా దృష్టిలో ఆ రెండో సగమే గొప్పది. 1962లో ఆయనా మరికొందరు దర్శకులూ కలిసి, చిత్రాలను ప్రదర్శనలకు అద్దెకిచ్చే ఫిల్మ్‌మేకర్స్ కోఆపరేటివ్ అనే సహకార సంఘం స్థాపించారు. సభ్యుడు ఇచ్చిన ప్రతి చిత్రాన్నీ అది స్వీకరిస్తుంది. బాగుందా లేదా అని వడపోసే కమిటీ ఉండదు. హక్కులు తీసినవారివే, అద్దెలో పెద్ద వాటా కూడా వారిదే. 1964లో, అశ్లీలమని అధికారులు భావించిన చిత్రాలను ప్రదర్శించినందుకు ఆయన అరెస్టు కూడా అయ్యారు. 1970లో మరికొందరితో కలిసి, ఇటువంటి సినిమాలను భద్రపరచి ప్రదర్శించే ఆంథాలజీ ఫిల్మ్ ఆర్కైవ్స్ తెరిచారు. అక్కడి తొలి హాలు గోడలు, పైకప్పు, కుర్చీలు అన్నీ నలుపే. పక్కవారు కనబడకుండా కుర్చీకీ కుర్చీకీ మధ్య అడ్డు చెక్కలు పెట్టారు. తెర తప్ప మరేదీ కంట పడకూడదన్నది ఉద్దేశం. తరువాత పాత కోర్టు భవనం ఒకటి కొని, ఏళ్ల తరబడి నిధులు సేకరించి బాగుచేయించి, 1988లో అందులోకి మారారు.

విశాఖలో మీకు అంత హంగు అవసరం లేదు. ఒక గ్రంథాలయం గదో, కాలనీ సంఘం హాలో, అద్దెకు తెచ్చిన ప్రొజెక్టరో చాలు. నెలలో ఒకే రోజు, ఒకే వేళ నిర్ణయించుకుని, పదిమందే వచ్చినా మానకుండా నడపండి. టికెట్టు పెడితే హాలు ఖర్చు పోగా మిగిలినది తీసినవారికే ఇవ్వాలన్న నియమం మొదటి రోజే కాగితం మీద పెట్టుకోండి. డబ్బు దగ్గర తేడాలు వస్తే ఇటువంటి సంఘాలు నిలవవు. గాజువాక పాఠకుడి ఉత్తరం ఇదే సంచికలో ఉంది కదా, ఆయన అంగీకరిస్తే ఇద్దరి చిరునామాలూ పరస్పరం పంపే ఏర్పాటు మా కార్యాలయం చేయగలదు.