గండికోటకు వెళ్లే ముందు

చి. స్వాతికి, పెదనాన్న ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. డిసెంబరు పదమూడో తేదీ రాత్రి నువ్వూ నీ స్నేహితురాళ్లూ ఉల్కల ఫోటోలు తీయడానికి గండికోట వెళ్తున్నారట. "మీరైనా వద్దని చెప్పండి బావగారూ" అంది. చెబుతానని మాటిచ్చాను. తీరా రాయడానికి కూర్చుంటే ఆ 'వద్దు' అనే మాట కలానికి రావడం లేదు. ముప్పై ఏళ్లు పెళ్లిళ్లలో ఫ్లాష్ కొట్టి బతికినవాణ్ని. చీకట్లో ఫోటో తీయాలన్న పిచ్చి మన ఇంట్లో ఇంకొకరికి పట్టిందంటే, పైకి కసురుకున్నా లోపల సంబరంగానే ఉంది. కాబట్టి వెళ్లు. వెళ్లే ముందు ఇది మాత్రం రెండుసార్లు చదువు.

పంచాంగం చూశాను. అమావాస్య దాటి నాలుగు రోజులే కాబట్టి నెలవంక రాత్రి పది లోపే దిగిపోతుంది. ఈ ఉల్కలు మిథున రాశి వైపు నుంచి వస్తున్నట్టు కనిపిస్తాయి. ఆ రాశి రెండు గంటల వేళకు దాదాపు నడినెత్తికి చేరుతుంది, కాబట్టి అసలు ఆట అర్ధరాత్రి తర్వాతే. బ్యాటరీలు మూడు, ఖాళీ కార్డులు రెండు, స్వెటర్, మంకీ క్యాప్ తీసుకో. రాత్రిపూట అక్కడ ఉండనిస్తారో లేదో, ఎక్కడిదాకా వెళ్లనిస్తారో ముందే అడిగి తెలుసుకో.

మీ అమ్మ 'పాలపుంత కూడా తీస్తారట' అంది. ఎవరు చెప్పారమ్మా నీకు? ఫోటోల్లో ధగధగలాడే ఆ నడిబొడ్డు ధనుస్సు వైపు ఉంటుంది. పదమూడు దాటిన రెండు మూడు రోజులకే ధనుర్మాసం. ధనుర్మాసం అంటేనే సూర్యుడు ధనుస్సులో ఉండే నెల. సూర్యుడి వెనకాల ఉన్నదాన్ని రాత్రి ఎలా తీస్తావు? దానికి మార్చిలో తెల్లవారుజామున వెళ్దాం, నేనూ వస్తాను.

ఫోకస్ దగ్గర తొందరపడకు. లెన్సు మీది అనంతం గుర్తును నమ్మకు. ఆటో ఫోకస్ చీకట్లో గుడ్డిదానిలా తడుముకుంటుంది. తొమ్మిది దాటాక ఆగ్నేయంలో సిరియస్ నక్షత్రం బాగా పైకి వస్తుంది. దాన్ని తెర మీద పదింతలు పెద్దది చేసి, రింగును వెంట్రుకవాసి చొప్పున అటూ ఇటూ తిప్పు. చుక్క గసగసాల గింజంత చిన్నదయ్యాక ఆపి, రింగు మీద టేపు అంటించు. గంటకోసారి లెన్సు ముందు అద్దం మీద మంచు పట్టిందేమో చూడు. పడితే మెత్తటి పొడిగుడ్డతో ఒత్తు. ఉఫ్ అని ఊదావో, ఇంకాస్త పడుతుంది.

నీ కెమెరాతో వచ్చిన 18-55 లెన్సే చాలు. 18 దగ్గర పెట్టి, లెన్సు కన్ను ఎంత తెరవాలో చెప్పే ఎఫ్ అంకె 3.5, సెన్సరు చురుకుదనం చెప్పే ఐ.ఎస్.ఓ. 3200. షట్టరు ఎన్ని సెకన్లంటావా? నీ కెమెరా సెన్సరు చిన్నది కాబట్టి 18ని ఒకటిన్నరతో హెచ్చవేస్తే 27. మన ఫోటోగ్రాఫర్ల మోటు లెక్కలో 500ను దానితో, అంటే 27తో భాగిస్తే సుమారు 18 సెకన్లు. అంతకు మించితే భూమి తిరగడం వల్ల చుక్కలు బియ్యపు గింజల్లా సాగుతాయి. ఇంకో సంగతి, షట్టరు ఎక్కువసేపు తెరిస్తే ఉల్క ఎక్కువ మెరుస్తుందనుకోకు. అది అర సెకనులో దాటిపోతుంది, మిగతా పదిహేడున్నర సెకన్లతో దానికి పని లేదు. ఉల్కను పట్టేవి లెన్సు కన్ను తెరుచుకునే వెడల్పూ, ఐ.ఎస్.ఓ. మాత్రమే. షట్టరు తెరిచి ఉంచేది అది ఎప్పుడు వస్తుందో తెలియదు కాబట్టి.

ఇక నేను చేసిన తప్పు చెబుతాను. మీ నాన్న నీకు చెప్పి ఉండడు.

2012 డిసెంబరు 13. ఆ రోజు అమావాస్యే. పెళ్లిళ్ల కోసం అప్పు చేసి కొన్న డిజిటల్ కెమెరా చేతిలో ఉంది. టార్చి పట్టుకోవడానికి మీ నాన్నను వెంటబెట్టుకుని గండికోట వెళ్లాను. ధ్రువుడి చుట్టూ చుక్కలు గీసే వలయాలు తీయాలని నా కోరిక. ఏ ఊరి అక్షాంశం ఎంతో ఆ ఊళ్లో ధ్రువుడి ఎత్తు అంతే. మనకు 15 డిగ్రీల లోపు, అంటే చాచిన చేతి పిడికిలి ఒకటిన్నర ఎత్తు. ఏ బురుజూ అడ్డం రాని చోటు వెతికి, లోయ అంచుకు దగ్గరగా స్టాండు పెట్టాను. ముప్పై సెకన్ల ఫోటోలు నాలుగు గంటల పాటు వరుసగా తీసి, తర్వాత కంప్యూటర్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చాలి. 480 ఫోటోలు రావాలి.

వైరు రిమోటు నొక్కి తాళం వేశాను. మొదటి ఫోటో అయింది. రెండోది వెంటనే మొదలు కాలేదు. వెనకాల చిన్న ఎర్ర దీపం వెలిగి, అర నిమిషం అలాగే ఉండి ఆరింది. అప్పుడు గానీ షట్టరు తెరుచుకోలేదు. ప్రతి ఫోటోకీ ఇదే వరస. కార్డు నెమ్మదిగా రాసుకుంటోందేమో అనుకున్నాను. మార్చాను. బ్యాటరీ మార్చాను. మళ్లీ అదే.

ఒంటిగంటన్నరప్పుడు ఒక ఉల్క పడింది. అలాంటిది మళ్లీ చూడలేదు. లోయ అవతలి గోడలో రాళ్లు ఒక్కొక్కటీ విడిగా కనిపించాయి, మా నీడలు బండ మీద గిర్రున తిరిగాయి. కెమెరా వైపు చూశాను. ఎర్ర దీపం వెలుగుతోంది. షట్టరు మూసి ఉంది.

"నువ్వే ఏదో నొక్కావు" అన్నాను మీ నాన్నతో. ముట్టుకోలేదన్నాడు. అంతటితో ఆగితే బాగుండేది. చిన్నప్పటి నుంచీ నీ చెయ్యి పడితే ఏదీ బాగుపడదు అన్నాను. వాడు టార్చి ఆర్పి, నా పక్కన బండ మీద పెట్టి, చీకట్లోకి నడిచి వెళ్లిపోయాడు.

కాసేపటికి ఒక రాయి దొర్లింది. దొర్లుతూనే ఉంది, స్వాతీ. కిందకి, ఇంకా కిందకి. తర్వాత ఏ చప్పుడూ లేదు. పిలుద్దామంటే గొంతు పెగల్లేదు. టార్చి వెతుక్కుని, నిలబడే ధైర్యం లేక, మోకాళ్ల మీద పాకాను. ఇరవై అడుగుల అవతల బీడీ నిప్పు కనిపించింది. మానేశానని మీ అమ్మ దగ్గర ఒట్టు పెట్టిన బీడీ. వాడు బండకు ఆనుకుని కూర్చున్నాడు. వాడి పాదాలకూ అంచుకూ మధ్య బారెడు దూరం కూడా లేదు. చీకట్లో వాడికి ఆ సంగతే తెలియదు. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. ప్రొద్దుటూరు వచ్చేదాకా మాట్లాడుకోలేదు.

సంక్రాంతి తర్వాత కెమెరాతో వచ్చిన పుస్తకం తీసి చదివాను. 'లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్' అని మెనూలో ఒకటుంది. ఎక్కువసేపు తెరిచి ఉంచితే సెన్సరులో రంగురంగుల చుక్కలు పుడతాయి. వాటిని తీసేయడానికి కెమెరా షట్టరు మూసుకుని, అంతేసేపు ఇంకో చీకటి ఫోటో తీసి, మొదటిదానిలోంచి తీసివేస్తుంది. అంటే రాత్రిలో సగం దాని కన్ను మూసే ఉందన్నమాట. వలయాలన్నీ జాకెట్టుకు వేసే కచ్చా కుట్టులా తెగి తెగి వచ్చాయి. దాన్ని ఆన్ చేసింది ఎవరనుకున్నావు? ఒక పెళ్లి ఊరేగింపులో ఫోటోలు మచ్చలు పడుతున్నాయని నేనే చేశాను, మరిచిపోయాను.

నువ్వు వెళ్లే ముందు ఇంట్లోనే దాన్ని ఆపు. చేతి వణుకును సరిచేసే స్టెబిలైజర్ మీట కూడా ఆపు. చీకటి ఫోటోలు కావాలంటే చివర్లో లెన్సుకు మూత పెట్టి, అదే ఐ.ఎస్.ఓ.తో, అన్నే సెకన్లతో ఓ పది తీసుకో, చాలు.

సాయంత్రం నాలుగింటికల్లా అక్కడ ఉండాలి. అంచు ఎక్కడుందో వెలుతురులో నడిచి చూసుకుని, అక్కడి నుంచి ఇరవై అడుగులు లోపలికి వచ్చి స్టాండు పెట్టు. ఉత్తరం ఎటో కూడా పగలే గుర్తుపెట్టుకో. ఆగ్నేయంలో ఎర్రగుంట్ల వైపు థర్మల్ ప్రాజెక్టు వెలుతురు ఉంటుంది, సిరియస్ మీద ఫోకస్ అయ్యాక కెమెరా అటు తిప్పకు. కెమెరా తెర వెలుగు బాగా తగ్గించు, టార్చికి ఎర్ర కాగితం చుట్టు. తెల్ల వెలుతురు చూసిన కన్ను మళ్లీ చీకటికి అలవాటు పడటానికి ఇరవై నిమిషాలైనా పడుతుంది. ఆ ఇరవై నిమిషాలూ ఎవరూ అడుగు కదపకూడదు. ఫోటో బాగా రావాలని కెమెరాను చూస్తూ వెనక్కి వెనక్కి నడవడం మన వృత్తిలో అందరికీ ఉన్న జబ్బు. నీకూ ఉంది, మీ అక్క పెళ్లిలో చూశాను. ఒకరి మీద ఒకరికి కోపం వస్తే ఉన్నచోటే కూర్చుని తిట్టుకోండి. లేచి వెళ్లకండి.

తెల్లారగానే బండి తీయవద్దు. గదికి వెళ్లి పడుకుని, మధ్యాహ్నం భోజనం చేసి బయలుదేరండి. లేచాక నాకు ఫోన్ చెయ్యి, ముందు మీ అమ్మకు, తర్వాత నాకు.

నా పాత స్టాండు రేపు బస్సులో పార్సిల్ వేస్తున్నాను. నీ దాని కంటే బరువు, గాలికి కదలదు. దాని కాలికి ఎర్ర గుడ్డ కట్టి ఉంటుంది, అసహ్యంగా ఉందని విప్పకు. ఆ కాలు ఎప్పుడూ అంచు వైపే ఉండాలి.

ఆ మెనూ సంగతి మీ నాన్నకు నేనింకా చెప్పలేదు. ఆదివారం మీ ఇంటికి వెళ్తున్నాను. అంతవరకు ఈ ఉత్తరం వాడికి చూపించకు.

మీ పెదనాన్న