స్వయం కోర్సు చేరే ముందు

చి. అమ్మాయికి పెదనాయన ఆశీస్సులు.

కేంద్ర ప్రభుత్వం నడిపే ఆన్‌లైన్ పాఠాల వేదిక స్వయంలో ఈసారి మూడు కోర్సులకు పేరిచ్చినావని మీ నాయన చెప్పినాడు. రెండు వదిలెయ్, ఒక్కటి చాలు. 12 వారాల కోర్సంటే వారానికి రెండున్నర గంటల పాఠాలు ఉంటాయి, నోట్సుకూ అసైన్‌మెంటుకూ ఇంకా అంత పడుతుంది. రికార్డులు, ఇంటర్నల్స్ పక్కనుండగా మూడు మోయలేవు.

ముందుగా మీ హెచ్‌ఓడీని, అంటే మీ విభాగం పెద్దను, కలువు. యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ 2021 నిబంధనల ప్రకారం సెమిస్టర్‌లో 40 శాతం దాకా కోర్సులు స్వయంలో చేయొచ్చు. అయితే అది గరిష్ఠ హద్దు మాత్రమే. ఏ కోర్సును ఏ పేపరు బదులు ఒప్పుకుంటారో తేల్చేది మీ యూనివర్సిటీ. కోర్సు కోడ్, వారాలు, క్రెడిట్లు (డిగ్రీ లెక్కలో కలిసే పాయింట్లు) కాగితం మీద రాసి సంతకం తీసుకో. స్వయంలో ఐఐటీల పాఠాలు నడిపే ఎన్‌పీటెల్‌లో 4 వారాలకు 1, 8కి 2, 12కి 3 క్రెడిట్లు. నోటిమాట నమ్ముకుంటే చివర్లో సర్టిఫికెట్ మాత్రమే మిగులుతుంది, క్రెడిట్లు కలవవు.

పిల్లలు జాస్తిగా దెబ్బతినేది పరీక్ష ఫీజు దగ్గర. చేరడం ఉచితమే. పరీక్షకు వేరే దరఖాస్తు, వేరే డబ్బు, వేరే గడువు. చేరినాము కదా, హాల్‌టికెట్ దానంతటదే వస్తుందిలే అనుకుంటారు, రాదు. దరఖాస్తులో పేరు నీ ఐడీ కార్డులో ఉన్నట్టే, ఒక్క అక్షరం తేడా లేకుండా రాయి. పరీక్ష ఊళ్లలో తిరుపతి కనబడితే మొదటి రోజుల్లోనే ఎంచుకో, సీట్లు నిండినాక చెన్నైకో నెల్లూరుకో పోవాల్సొస్తుంది.

మార్కుల లెక్క బాగా గుర్తుపెట్టుకో. ఎన్‌పీటెల్‌లో అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75. అసైన్‌మెంట్లలో కనీసం 10, పరీక్షలో కనీసం 30 విడివిడిగా రావాలి. పరీక్షలో 70 తెచ్చుకున్నా అసైన్‌మెంట్లలో 9 ఉంటే సర్టిఫికెట్ లేదు. 12 వారాల కోర్సుకు బాగా వచ్చిన 8 అసైన్‌మెంట్లే లెక్కిస్తారు. ఆ సడలింపు చూసి మొదట్లోనే నాలుగు వదిలేస్తే, తరువాత జ్వరమొచ్చినా, కరెంటు పోయినా ఆదుకునేది ఉండదు. మొదటి 8 తప్పకుండా రాయి. జూలై సెమిస్టర్‌లో వినాయక చవితి, దసరా మధ్యలో పడతాయి. పలమనేరుకు బస్సెక్కే ముందు హాస్టల్ వైఫైలో ఆ వారం వీడియోలు దించుకో. గడువు రోజు రాత్రి దాకా ఆగొద్దు, ఆ వేళకు సైటు మొరాయించొచ్చు.

టెలిగ్రామ్‌లో వచ్చే జవాబుల జోలికి పోవద్దు తల్లీ. 25కి 24 వస్తాయి, పరీక్ష మాత్రం సెంటర్లో కంప్యూటర్ ముందు ఒంటరిగా రాయాలి, అక్కడ 30 దాటడం కష్టమవుతుంది. ముందు నీకు తెలిసింది రాయి. గడువు ముగిసినాక సమాధానాలు పెడతారు, తప్పినవి మళ్లీ చేసి, ఎందుకు తప్పినాయో పక్కన ఒక వాక్యం రాసుకో. పరీక్ష ముందు ఆ నోట్సే చదువుకో.

తమ్ముడికి 9 నుంచి 12వ తరగతి దాకా ఎన్‌ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూల్) పాఠాలు స్వయంలోనే ఉన్నాయి. నెట్ సరిగా రాకపోతే డీటీహెచ్‌లో స్వయంప్రభ ఛానళ్లు ఉచితం.

ఫలితాలొచ్చిన వారంలోనే సర్టిఫికెట్ ప్రతిని, హెచ్‌ఓడీ సంతకం చేసిన కాగితాన్ని జతచేసి పరీక్షల విభాగంలో ఇచ్చి, రసీదు అడిగి తీసుకో.

మీ పెదనాయన