చిన్నప్పటి వేధింపులపై ఇప్పుడు కేసు పెట్టొచ్చా?

ప్రశ్న: నాకు 22 ఏళ్లు. ఆరు, ఏడు తరగతులప్పుడు, అంటే 2014, 15లలో, మా ఇంట్లోనే ఉండే మేనమామ నన్ను లైంగికంగా వేధించాడు. ఇప్పటికీ నిద్ర పట్టదు. వెనక నుంచి ఎవరైనా భుజం మీద చెయ్యేస్తే వణుకు వస్తుంది. సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్తే పిచ్చివాడంటారని, కోర్టు నా మాట నమ్మదని స్నేహితుడు అంటున్నాడు. ఇప్పుడు మా పిన్ని కొడుకు మామయ్య ఇంట్లో ఉండి చదువుకుంటున్నాడు. మగవాణ్ని, పైగా ఇన్నేళ్లయింది. కేసు పెట్టొచ్చా?

జవాబు: పెట్టొచ్చు. పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే పోక్సో చట్టం 2012 నవంబర్ 14 నుంచి అమల్లో ఉంది. దానికి ఆడపిల్ల, మగపిల్లాడు అన్న తేడా లేదు. లైంగిక ఉద్దేశంతో తాకింది బంధువైతే 5 నుంచి 7 ఏళ్ల జైలు. అంతకన్నా ఘోరం జరిగుంటే ఇంకా ఎక్కువ. మూడేళ్లకు మించి శిక్ష పడే నేరాలకు కాలపరిమితి లేదు. 2019లో పెంచిన శిక్షలు మాత్రం, నేరం అంతకుముందే జరిగింది కాబట్టి, మీ మామయ్యకు వర్తించవు.

మీ స్నేహితుడి మాట పూర్తిగా తప్పు. మానసిక అనారోగ్యం ఉన్నంత మాత్రాన మతిస్థిమితం లేనట్టు కాదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది. ప్రశ్న అర్థమై జవాబు చెప్పగలిగితే చాలు, మీరు సాక్ష్యం ఇవ్వొచ్చు. నిజానికి వైద్యం మీకు బలం. క్రాస్‌లో, అంటే కోర్టులో అవతలి లాయరు మిమ్మల్ని ప్రశ్నించేటప్పుడు, తప్పకుండా వచ్చే ప్రశ్న, ‘ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?’ అని. సొంత మనిషి చేతిలో నలిగిన పిల్లలు భయంతో, సిగ్గుతో ఏళ్ల తరబడి నోరు విప్పలేరు. మీ నిద్రలేమి, వణుకు గురించి డాక్టర్ రాసిన కాగితాలు ఒక్కటే నేరాన్ని రుజువు చేయవు గానీ, ఆ ఆలస్యం ఎందుకో కోర్టుకు అర్థమయ్యేలా చేస్తాయి. అయినా కేసు కోసం కాదు, ముందు మీ కోసం వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

గుర్తున్నదంతా రాసి పెట్టుకోండి. ఏ ఇల్లు, ఏ గది, ఆ సమయంలో అమ్మ ఎక్కడుంది. తేదీ గుర్తులేకపోతే లేదనే రాయండి, ఊహించి రాస్తే క్రాస్‌లో దాన్నే పట్టుకుంటారు. వయసు రుజువుకు టెన్త్ మెమో తీసిపెట్టుకోండి. ఊరు వెళ్లక్కర్లేదు, మీరున్న చోటే జీరో ఎఫ్ఐఆర్ (నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా తీసుకునే ఫిర్యాదు) నమోదు చేయించుకోవచ్చు. ఆయన పేరు సోషల్ మీడియాలో పెట్టకండి.

ఆ పిల్లాడి సంగతి ఆగేది కాదు. పిల్లలపై ఇలాంటి నేరం జరగొచ్చన్న అనుమానం ఉన్నా పోలీసులకు చెప్పాలని పోక్సో అంటోంది. మీ కేసు గురించి నిర్ణయానికి టైమ్ తీసుకోండి, కానీ ఈరోజే పిన్నికి చెప్పి బాబును అక్కడి నుంచి తీసుకొచ్చేయమనండి. ఆమె నమ్మకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.