టెక్ సందేహాలు: రొయ్యల గుంటల దాకా నెట్ ఎలా?

ప్రశ్న: మా ఇంట్లో ఫైబర్ నెట్ ఉంది. రొయ్యల గుంటలు అక్కడికి 700 మీటర్లు ఉంటాయి. షెడ్డు దగ్గర సీసీ కెమెరాలు పెట్టి ఫోన్‌లో చూసుకోవాలి. మధ్యమధ్యలో స్విచ్‌లు (నెట్‌ను ముందుకు పంపే పెట్టెలు) పెట్టి లాన్ కేబుల్ లాగేద్దాం అంటున్నాడు కెమెరాలు బిగించే అతను. పనవుతుందా?
– ఒక రైతు, ఇందుకూరుపేట

అవుతుంది, దగ్గర్లో పిడుగు పడేదాకా. లాన్ కేబుల్‌లో ఉండేది రాగి. ఒక విడతలో 100 మీటర్లకు మించి లాగకూడదు. అంటే మీ గట్ల మీద ఆరు స్విచ్‌లు, ఆరింటికీ కరెంటు, వాన తగలకుండా పెట్టెలు. సముద్రపు గాలికి ఇనుము ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? పైగా దగ్గర్లో పిడుగు పడితే రాగి తీగలోకి కరెంటు ఉప్పెనలా వస్తుంది, రెండు చివర్లా ఉన్న పరికరాలు మాడిపోతాయి.

ఫైబర్ లాగించండి. అది గాజు, కరెంటు పారదు. గాజు పోగు మొత్తం మందం 125 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), వెలుగు నడిచే నడిమి భాగం సుమారు 9 మైక్రాన్లే. దాని చుట్టూ ఉండే గాజుకు వక్రీభవన గుణకం, అంటే వెలుగును వంచే గుణం, కాస్త తక్కువ. అందుకే అంచుకు ఏటవాలుగా తగిలిన వెలుగు బయటికి పోకుండా మళ్లీ లోపలికే తిరుగుతుంది. ఇంటర్ ఫిజిక్స్‌లో బట్టీ పట్టిన సంపూర్ణాంతర పరావర్తనం ఇదే. లేజర్ సెకనుకు కోట్ల సార్లు వెలిగి ఆరుతుంది, ఆ వెలగడం, ఆరడమే మీ కెమెరా బొమ్మ. గాజును బాగా శుద్ధి చేస్తే వెలుగు చాలా దూరం పోతుందని 1966లో చెప్పిన శాస్త్రవేత్త చార్లెస్ కావ్‌కు 2009లో నోబెల్ వచ్చింది. ఇప్పుడు కిలోమీటరుకు తగ్గిపోయే వెలుగు ఏడెనిమిది శాతమే. మీ 700 మీటర్లు దానికి లెక్కే కాదు.

కొనేటప్పుడు సింగిల్ మోడ్ (పైన చెప్పిన సన్నటి నడిమి భాగం ఉన్న రకం), నాలుగు పోగులది అడగండి. రేపు ఒకటి తెగినా ఇంకోటి ఉంటుంది, ధరలో పెద్ద తేడా రాదు. ఉక్కు తీగ ఉన్న కేబుల్ వద్దు, పిడుగు భయంతోనే కదా ఇదంతా! లోహం లేనిది తీసుకుని, ఎలుకలు కొరకకుండా పైపులో వేసి పూడ్పించండి. చివర్లను స్ప్లైసింగ్ మెషీన్‌తోనే అతికించాలి. అటొకటి, ఇటొకటి మీడియా కన్వర్టర్ పెడితే వెలుగు మళ్లీ లాన్‌గా మారుతుంది. ఒక్క పోగు మీద నడిచే రకమైతే ఒకటి 'ఎ', ఇంకోటి 'బి' ఉండాలి, రెండూ ఒకటే తెచ్చుకుని తలపట్టుకునేవాళ్లు ఎక్కువ. షెడ్డు కరెంటు లైను మీదుగా వచ్చే పిడుగును మాత్రం ఫైబర్ ఆపలేదు, దానికి సర్జ్ ప్రొటెక్టర్ (కరెంటు ఉప్పెనను అడ్డుకునే పరికరం) వేరే పెట్టుకోవాలి.

ప్రశ్న: ఇంటికి రంగులు వేయించాం. అప్పట్నుంచీ నెట్ పెట్టె మీద ఎర్ర లైటు. ఎన్నిసార్లు ఆపి ఆన్ చేసినా పోవట్లేదు.
– ఒక గృహిణి, ఒంగోలు

ఆ లైటు పక్కన ఎల్‌ఓఎస్ అని ఉంటే పెట్టెకు వెలుగు అందట్లేదని అర్థం. ఆపి ఆన్ చేస్తే ప్రయోజనం లేదు. బీరువా వెనక్కి చూడండి, రంగులేసేవాళ్లు వైరును మడిచి దోపి ఉంటారు. గట్టిగా మడిస్తే కోణం మారి వెలుగు బయటికి కారిపోతుంది. విప్పి, టీ సాసరంత చుట్టగా వదులుగా పెట్టండి. అయినా ఎరుపు పోకపోతే పోగు విరిగి ఉండొచ్చు, లైన్‌మన్‌ని పిలవండి. పిన్ను కొనలోకి మాత్రం తొంగి చూడకండి. అందులోని వెలుగు కంటికి కనపడదు గానీ కంటికి మంచిది కాదు.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అబ్బాయితో వీడియో కాల్ శాటిలైట్ మీదుగానే కదా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, నెల్లూరు

శ్రీహరికోట పక్కనే ఉన్నవాళ్లం, ఆకాశం వైపు చూడటం మనకు అలవాటు. కానీ ఆ కాల్ దాదాపు మొత్తం సముద్రం అడుగున పరిచిన ఫైబర్ మీదుగానే వెళ్తుంది. మన దేశంలో అవి ఎక్కువగా ముంబై, చెన్నై తీరాల్లో ఒడ్డెక్కుతాయి. 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉండే శాటిలైట్‌కు ఎక్కి దిగేసరికే పావు సెకను పోతుంది. అలా మాట్లాడితే ఇద్దరూ ఒకరి మాటకొకరు అడ్డం పడుతూనే ఉంటారు.